ముందు అన్నం, తర్వాత అద్భుతం: చనిపోయినవాళ్లు లేచిన కథలు, ధాత కరువు, గుండ్లకమ్మ

ఈ రోజు టాపిక్ కొంచెం బరువైంది. బైబిల్‌లో చనిపోయినవాళ్లు మళ్లీ లేచిన కథలు. ముందే చెప్పేస్తున్నా, ఇది ప్రసంగం కాదు. నేను పాస్టర్‌ని కాదు, బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. నాకు అలవాటైన పని ఒకటే. ఒక కథ కనబడితే అది ఎప్పటిది, ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, అప్పుడు వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని వెనక్కి వెళ్లి చూడటం.

యేసు సొంత పునరుత్థానాన్ని పక్కన పెట్టండి. మత్తయి 27లో సమాధులు తెరుచుకుని లేచిన గుంపునీ పక్కన పెట్టండి. ఒక్కొక్కరుగా లేచినవాళ్లు మొత్తం ఎనిమిది మంది. పాత నిబంధనలో ముగ్గురు: ఏలీయా లేపిన సారెపతు విధవరాలి కొడుకు, ఎలీషా లేపిన షూనేము అబ్బాయి, ఎలీషా ఎముకలు తగిలి లేచినవాడు. ఈ మూడోది చాలామంది చదివి ఉండరు, 2 రాజులు 13లో ఉంటుంది. శవాన్ని పూడుద్దామని వస్తే దొంగల గుంపు కనబడింది, భయపడి చేతికందిన సమాధిలో పడేసి పారిపోయారు, అది ఎలీషాది. కొత్త నిబంధనలో ఐదుగురు: యాయీరు కూతురు, నాయీను విధవరాలి కొడుకు, లాజరు, యొప్పేలో తబితా, త్రోయలో ఐతుకు. ఐతుకు సంగతి తెలుసుగా? పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. లాంగ్ మీటింగ్స్ ఎంత డేంజరో అప్పుడే తెలిసిందన్నమాట.

సరే, సీరియస్‌గా మాట్లాడుకుందాం. ఈ ఎనిమిదిలో మొదటిది ఎక్కడ మొదలవుతుందో చూడండి. 1 రాజులు 17. అది అహాబు రాజు కాలం, అంటే క్రీస్తుపూర్వం 9వ శతాబ్దం. ఈ అహాబు కథల్లో పాత్ర మాత్రమే కాదు, అష్షూరు రాజు చెక్కించిన కుర్ఖ్ శిలాశాసనంలో, క్రీస్తుపూర్వం 853 నాటి యుద్ధం లెక్కల్లో అతని పేరు ఉంది. అప్పుడు దేశంలో వానల్లేవు, కరువు. ఏలీయా వెళ్లింది సారెపతుకి. అది ఫీనిషియన్ల ఊరు, ఇవాళ్టి లెబనాన్ తీరంలో సరఫంద్ దగ్గర. 1969 నుంచి తవ్వకాలు జరిపి ఆ పాత ఊరిని బయటికి తీశారు. అక్కడ ఒక విధవరాలు పుల్లలు ఏరుకుంటోంది. ఇంట్లో గుప్పెడు పిండి, కొంచెం నూనె. అది వండుకుని తను, కొడుకు తినేసి, ఇక చావే అనుకుంటోంది. కథలో మొదటి అద్భుతం ఆ పిండి అయిపోకపోవడం. పిల్లాడు చనిపోవడం, లేవడం ఆ తర్వాతే.

ఈ వరస నాకు చాలా ముఖ్యం అనిపించింది. ముందు అన్నం, తర్వాత ప్రాణం. యాయీరు కూతురి దగ్గరికి రండి, మార్కు 5. పన్నెండేళ్ల పిల్ల లేచి నడిచింది, ఇంట్లో అందరూ నోరెళ్లబెట్టి నిలబడ్డారు. అప్పుడు యేసు చెప్పినవి రెండు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నది ఒకటి, పిల్లకి తినడానికి ఏమైనా పెట్టమన్నది రెండోది. అంత పెద్ద సంఘటనలో ఆ పిల్ల ఆకలి గుర్తుంది ఆయనకి. మన అమ్మమ్మలు కూడా అంతే కదా, ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయి వస్తే రిపోర్టులు అడగరు, తిన్నావా అంటారు.

లాజరు కథలో ఇంకో రకం సంగతి ఉంది. సమాధి ముందు రాయి తీసింది జనం. లేచి వచ్చాక కాళ్లకి, చేతులకి ఉన్న కట్లు విప్పింది కూడా జనమే. పిలిచినవాడు పిలిచాడు, మిగతా పని చుట్టూ ఉన్నవాళ్లకి వదిలేశాడు. ఈ కథకి ఒక ఊరు కూడా మిగిలింది. యెరూషలేము పక్కనే ఉన్న ఆ బేతనియని ఇవాళ అరబిక్‌లో అల్ అజరియ అంటారు, లాజరు పేరు మీద వచ్చిన పేరే. రోమ్‌లో భూగర్భ శ్మశానాల గోడల మీద తొలి క్రైస్తవులు మళ్లీ మళ్లీ గీసుకున్న బొమ్మల్లో లాజరుది ఒకటి. చచ్చిపోయినవాళ్ల మధ్య నిలబడి గీశారు వాటిని.

ఇంకో బొమ్మ గురించి చెప్పాలి, నాకు చాలా ఇష్టం ఇది. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున దూరా యూరోపోస్ అని ఒక ఊరు. అక్కడి యూదుల ప్రార్థనాలయం గోడల నిండా క్రీ.శ. 244-45 ప్రాంతంలో వేసిన బొమ్మలున్నాయి. ఒకదాంట్లో సారెపతు అమ్మ ఎడమ పక్కన నల్లబట్టల్లో, చేతుల్లో చనిపోయిన పిల్లాడితో ఉంటుంది. కుడి పక్కన అదే అమ్మ, బతికిన పిల్లాడితో. ఇంకో గోడ మీద యెహెజ్కేలు చూసిన ఎండిన ఎముకల లోయ. 256 ప్రాంతంలో పర్షియా సైన్యం ముట్టడికి వస్తే, ఊరి గోడ గట్టిగా ఉండాలని పక్కనున్న ఈ గుడిని మట్టితో నింపేశారు. ఊరు పోయింది. బొమ్మలు మాత్రం మట్టిలో భద్రంగా ఉండి 1932లో బయటపడ్డాయి. పూడ్చారు కాబట్టే మిగిలాయి.

యెహెజ్కేలు పేరు వచ్చింది కాబట్టి ఇది కూడా. పాత ఇశ్రాయేలీయులకి చనిపోయినవాళ్లంతా తిరిగి లేస్తారన్న నమ్మకం మొదట్నుంచీ లేదు. చనిపోతే పాతాళానికి వెళ్తారు, అక్కడ నిశ్శబ్దం, అంతే. క్రీస్తుపూర్వం 597లో బబులోను సైన్యం వాళ్లని చెరపట్టుకుపోయింది, 586 నాటికి యెరూషలేము గుడి కూడా కాలిపోయింది. ఆ చెరలో ఉండి యెహెజ్కేలు ఎముకల లోయ చూశాడు. అక్కడ లేచేది ఒక మనిషి కాదు, ఓడిపోయిన జనం మొత్తం. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లకి, గ్రీకు రాజు అంతియొకస్ యూదులను మతం కోసం చంపిస్తున్న రోజుల్లో, దానియేలు 12లో మట్టిలో నిద్రపోతున్నవాళ్లు లేస్తారన్న మాట స్పష్టంగా కనబడుతుంది. పండితుల్లో ఎక్కువమంది దాన్ని క్రీస్తుపూర్వం 165 ప్రాంతానికి పెడతారు. యేసు కాలానికి కూడా దీన్ని ఒప్పుకోనివాళ్లున్నారు, సద్దూకయ్యులు. వాళ్లు ఎవరు? గుడి అధికారం చేతిలో ఉన్న పెద్దింటివాళ్లు. ఉన్న జీవితం బాగానే ఉన్నవాడికి ఇంకో జీవితం అంత అర్జెంటు కాదేమో. ఇది నా అభిప్రాయం, తీసుకుంటే తీసుకోండి.

అంటే ఈ ఆశ పుట్టిన చోట్లు చూడండి. కరువు, చెర, హింస. ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1876.

మన పెద్దవాళ్లు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. 1876 నుంచి 1878 దాకా. ఒక్క బ్రిటిష్ పాలన కింద ఉన్న ప్రాంతాల్లోనే 55 లక్షల మంది దాకా పోయారని అంచనా. రాయలసీమ, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. అప్పటి ప్రభుత్వం కరువు పనులు పెట్టింది, కానీ ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్‌ని పంపింది. ఆయన పెట్టిన కూలీ రోజుకి ఒక పౌండు ధాన్యం, ఒక అణా. పౌండు అంటే 450 గ్రాములు. రాళ్లు కొట్టే, మట్టి మోసే మనిషికి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్, డాక్టర్ ఆయన, దీనికి మనిషి బతకడని గట్టిగా గొడవ పెట్టుకున్నాడు. ఇదంతా జరుగుతుండగా దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి బయటికి వెళ్తూనే ఉంది.

ఒంగోలులో అప్పుడు జాన్ క్లఫ్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. ఈయన మిషనరీ కాకముందు భూమి సర్వే చేసే పనిలో ఉన్నాడు, మనలాగే టెక్నికల్ బ్యాచ్. ఆయన వచ్చిన తెలుగు మిషన్ అప్పటికే ఒకసారి దాదాపు చచ్చిపోయి ఉంది. నెల్లూరులో 1840లో మొదలైంది, ఏళ్ల తరబడి చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1853లో అమెరికాలో మీటింగ్ పెట్టి మూసేద్దామా అని చర్చించారు. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసుకున్నారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. 1867లో ఒంగోలు సంఘం మొదలైంది ఎనిమిది మందితో.

ఆ ఎనిమిది నుంచి కథ నడిపింది క్లఫ్ ఒక్కడే అనుకుంటే పొరపాటు. ఎర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన, తాళ్లకొండపాడు మనిషి, మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రైస్తవుడు కాకముందే రాజయోగం సాధన చేసిన గురువు, ఆయనకి శిష్యులుండేవాళ్లు. పోతులూరి వీరబ్రహ్మంగారి మాటలు తిరుగుతున్న వాతావరణం అది. బ్రహ్మంగారు కందిమల్లాయపల్లెలో జీవసమాధి అయ్యారు, వీరభోగ వసంతరాయలుగా మళ్లీ వస్తారని జనం నమ్మకం. కాబట్టి పోయినవాడు తిరిగొస్తాడన్న ఆలోచన ఇక్కడికి పడవలో దిగుమతి అయిన సరుకేమీ కాదు. సావిత్రి యముడి వెనకాల నడిచింది, కృష్ణుడు సాందీపని కొడుకుని తెచ్చి గురుదక్షిణగా ఇచ్చాడు. మన పిల్లలు ఈ కథలు వింటూనే పెరిగారు. కాకపోతే సావిత్రి రాజకుమారి, సాందీపని గురువు. సారెపతు అమ్మ పుల్లలేరుకునే మనిషి, తబితా బట్టలు కుట్టే మనిషి. మాదిగవాడలో ఈ కథలు ఎందుకు వేరేగా వినబడ్డాయో ఇక్కడే నాకు కొంత అర్థమైంది.

ఆ రోజుల్లో మాదిగ కులంలో పుట్టిన మనిషి బతుకు ఏంటో ఆలోచించండి. ఊరి బావి దగ్గరికి రాకూడదు. చచ్చిన పశువుని ఈడ్చాలి, ఆ మాంసమే తినాలి, జాతరకి డప్పు కొట్టాలి. పేరయ్య వెంట వెళ్లినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం తినడం, డప్పు కొట్టడం మానేశారు. దానికి ఊరి పెద్దల నుంచి చాలా పడ్డారు. ఊపిరి ఉంది కానీ ఊళ్లో మనిషిగా లెక్కలేదు, దాన్ని చావు అనకపోతే ఏమనాలి?

కరువు వచ్చేసరికి క్లఫ్ చేసిన పని: బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది వచ్చి అక్కడ గుడిసెలు వేసుకున్నారు. బోధకులే మేస్త్రీల్లా పని చూసేవాళ్లు, సాయంత్రం కూలీలతో కూర్చుని మాట్లాడేవాళ్లు. అక్కడ బాగా నాటుకున్నది, క్లఫ్ రాసినదాన్ని బట్టి, భారం మోసి అలిసినవాళ్లని రమ్మని పిలిచే యేసు మాట. తట్ట దించి కూర్చున్నవాడికి అంతకంటే ఏం కావాలి? క్యాంపులో కలరా, మశూచి కూడా వచ్చాయి. చనిపోయినవాళ్లు చనిపోయారు. ఆ కాలువ గట్టు మీద ఎవరూ లేవలేదు.

మాకు బాప్తిస్మం ఇవ్వండని జనం అడుగుతుంటే క్లఫ్ ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారు అన్న మాట పడకూడదని. పని అయిపోయి, కూలీ డబ్బులు ఆగిపోయాక కూడా వాళ్లు రావడం ఆగలేదు. చివరికి 1878 వేసవిలో మొదలుపెట్టారు. ఒంగోలుకి ఉత్తరంగా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో జులై 3న ఒక్క రోజులో 2,222 మంది. మూడు రోజుల్లో 3,536. నీళ్లలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు. క్లఫ్ గట్టు మీద ఉన్నాడు.

అయినా ఆ మాట తప్పలేదు. నూటయాభై ఏళ్లు కావస్తోంది, ఇప్పటికీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది, బియ్యం కోసం మారారని. నేను దీని మీద క్లఫ్‌తోనే కొంచెం విభేదిస్తా. ఆయన భయం అర్థమైంది, కానీ అన్నాన్ని అంత అనుమానంగా చూడక్కర్లేదు. సారెపతు ఇంట్లో పిండి ముందు వచ్చింది. ఆకలి తీర్చినవాడి మాట నమ్మడం తప్పైతే, 450 గ్రాములు తూచిన ప్రభుత్వం మాట ఎందుకు నమ్మాలి?

తెలంగాణ వైపు కూడా ఇలాంటిది ఉంది. మెదక్ చర్చి అందరికీ తెలుసు, రీల్స్ చేసి ఉంటారు. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో పనికి అన్నం అని కట్టించాడు, 1924 డిసెంబర్ 25న తెరిచారు. అది ఫేమస్ కాబట్టి వదిలేస్తున్నా. దానికన్నా నన్ను పట్టేసింది నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి. 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ కుష్ఠు ఆస్పత్రి పెట్టారు. స్థలం ఇచ్చింది రాజా నర్సాగౌడ్, హిందువు. కుష్ఠు వస్తే అప్పట్లో ఇంట్లోంచి పంపేసేవాళ్లు, భార్యాపిల్లలు ఉండగానే ఆ మనిషి లేనట్టే లెక్క. అక్కడ చాల్‌ముగ్రా నూనె ఇంజెక్షన్లు ఇచ్చారు. అందరికీ నయం కాలేదు, ఆ మందు అంత గొప్పదేం కాదు, అసలైన మందులు 1940ల నుంచే వచ్చాయి. కానీ అక్కడ పొలం ఉంది, చేతికి పని ఉంది, పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉన్నారు. లాజరు కట్లు విప్పిన పని ఇదే అనుకుంటా నేను.

ఇప్పుడు కష్టమైన భాగం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ రోజుల్లో ఉన్న హాస్టల్‌లో నా రూమ్మేట్ ఒకడు, సూర్యాపేట వైపు వాడు. 2021 మే, సెకండ్ వేవ్‌లో వాళ్లమ్మ పోయింది. బెడ్ కోసం రెండు రోజులు తిరిగారు. తర్వాత ఒక ప్రార్థన కూటంలో ఎవరో వాడితో అన్నారంట, ఇంట్లో విశ్వాసం ఉంటే బతికేదని. ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దగ్గర చాయ్ తాగుతూ వాడు నన్ను అడిగాడు. "రేయ్, సారెపతు ఆమె కొడుకు లేచిండు సరే. మా అమ్మ ఏం చేసిందిరా?"

నేను అప్పుడు ఏమీ అనలేదు. తర్వాత ఇంటికెళ్లి ఎనిమిది కథలూ వరసగా చదివా, ఒకే ప్రశ్న పట్టుకుని. చనిపోయిన మనిషి విశ్వాసం ఎంత అని ఎక్కడైనా అడిగారా? ఒక్కచోట కూడా లేదు. సారెపతు ఆమె ఇశ్రాయేలీయురాలే కాదు, పైగా పిల్లాడు పోగానే ఏలీయా మీద అరిచింది. నాయీను విధవరాలు అసలు ఏమీ అడగలేదు, ఏడుస్తోంది అంతే. ఆమెను చూసి జాలిపడ్డాడు అని ఉంది. ఐతుకు నిద్రపోయాడు. ఎముకలు తగిలి లేచినవాడి పేరు కూడా మనకి తెలియదు. యాయీరుని, మార్తని నమ్మమన్నాడు, నిజమే. కానీ నమ్మకం తక్కువైంది కాబట్టి మీవాళ్లు పోయారు అని ఏ ఇంటివాళ్లతోనూ అనలేదు.

ఇంకోటి. బైబిల్‌లో లేవనివాళ్లే ఎక్కువ. బాప్తిస్మమిచ్చు యోహాను తల తీశారు, లేవలేదు. స్తెఫనుని రాళ్లతో కొట్టి చంపారు, లేవలేదు. దావీదు పసిబిడ్డ కోసం ఏడు రోజులు తిండి మానేసి నేల మీద పడుకున్నాడు, బిడ్డ పోయాడు. అప్పుడు దావీదు లేచి, స్నానం చేసి, గుడికి వెళ్లొచ్చి, భోజనం పెట్టమని తిన్నాడు. ఇంట్లోవాళ్లకి అర్థం కాలేదు. లాజరు కూడా తర్వాత మళ్లీ చనిపోయే ఉంటాడు కదా.

కాబట్టి ఎవరైనా శవాన్ని ఇంట్లో పెట్టుకుని లేపుతాం అంటే, లేదా మందులు ఆపెయ్ అంటే, వాళ్లు ఈ కథలు చదవలేదని అర్థం. మన దిల్‌సుఖ్‌నగర్‌లోనే 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, కోణార్క్ థియేటర్, వెంకటాద్రి థియేటర్ దగ్గర సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు పేలాయి. 17 మందికి పైగా పోయారు, వందమందికి పైగా గాయాలు. పండ్లు కొనడానికి వచ్చినవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, కోచింగ్ అయిపోయి రూముకి వెళ్తున్న పిల్లలు. ఐదుగురు దోషులని 2016లో కోర్టు తేల్చింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉరిశిక్షను ఖాయం చేసింది. ఆ ఇళ్లకి వెళ్లి విశ్వాసం తక్కువైంది అని చెప్పే ధైర్యం ఎవరికుంది?

అదే రోడ్డు మీద కొంచెం ముందుకెళ్తే, చైతన్యపురి తర్వాత, ఎల్బీనగర్‌కి ముందు మెట్రో స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. రోజూ అనౌన్స్‌మెంట్ వింటాం, పట్టించుకోం. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంనాటి భవనంలో, విక్టోరియా రాణి జ్ఞాపకంగా పెట్టిన అనాథాశ్రమం అది. రాణి పేరు స్టేషన్‌కి మిగిలింది కానీ, నాకు ఆ చోటు గుర్తుండేది అక్కడ వంద ఏళ్లకి పైగా అమ్మానాన్న లేని పిల్లలకి పూటపూటా అన్నం పెట్టారన్నందుకు.

ఈస్టర్ రోజు తెల్లవారకముందే మన తెలుగు క్రైస్తవులు సమాధుల దగ్గరికి వెళ్తారు, చూసే ఉంటారు. సున్నం వేస్తారు, పూలు పెడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొన్ని ఊళ్లలో దాన్ని సమాధుల పండుగ అనే అంటారు. ఇప్పుడే ఈ రాయి తీసుకుని బయటికి వస్తారని అనుకుని వెళ్లరు వాళ్లు. నా ఫ్రెండ్ ఈ మధ్య ఈస్టర్‌కి ఊరెళ్లాడు. వాళ్లమ్మ సమాధి దగ్గర గడ్డి పీకి, కొవ్వొత్తి పెట్టి, ఇంటికొచ్చి వాళ్ల చిన్నమ్మ చేసిన పులిహోర తిన్నాడంట. ఫొటో పంపాడు, పులిహోరది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో పేరయ్య గురించి ఇంకా వివరంగా మాట్లాడుకుందాం, ఆయన రాజయోగం నుంచి వచ్చిన దారి అసలు వేరే కథ. ఉంటానండీ.